‘వెలుగు’ ప్రాజెక్టులో విదేశీ సొమ్ము నిజంగా ఎంత పని చేసింది?

పద్దుపుస్తకం:

పోయిన నెల ఒక గృహప్రవేశంలో భోజనాల బంతిలో మొదలైన వాదం ఇంకా నా మనసులోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. డ్వాక్రా సంఘాలు నిలబడ్డాయంటే అది ఫలానా ముఖ్యమంత్రి చలవేనని ఒకాయన అన్నారు. కాదు, తర్వాతి ముఖ్యమంత్రి ఇచ్చిన పావలా వడ్డీ చలవని ఇంకొకాయన అన్నారు. ఇద్దరికీ పప్పు వడ్డిస్తున్న పెద్దావిడ మాత్రం ‘ప్రపంచ బ్యాంకు డబ్బు రాకపోతే మీ ఇద్దరి చలవా ఎక్కడుండేది నాయనా’ అని గరిటె పట్టుకుని ముందుకు సాగిపోయారు. ఆవిడ ఒకప్పుడు మండల సమాఖ్యలో, అంటే మండలంలోని మహిళా సంఘాల కూటమిలో, పనిచేశారని తర్వాత తెలిసింది.

తెలియనివారి కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను, అంటే మనం సెర్ప్ అని పిలిచేదాన్ని, ఏర్పాటు చేసింది. ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఉన్న అంతర్జాతీయ అభివృద్ధి సంఘం ఇచ్చిన 11.1 కోట్ల డాలర్ల రుణంతో శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మహిళా పొదుపు సంఘాల ద్వారా పేదరికం తగ్గించే ‘వెలుగు’ ప్రాజెక్టు మొదలైంది. 2003లో మరో 15 కోట్ల డాలర్లతో మిగిలిన గ్రామీణ జిల్లాలకు విస్తరించింది, ఆ తర్వాత పేరు మారి ఇందిర క్రాంతి పథం అయింది. 2011లో కేంద్రం తెచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ చాలావరకు ఈ నమూనా చూసి రూపొందినదే, దానికి ప్రపంచ బ్యాంకు 100 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది.

ప్రణాళికా సంఘం టెండూల్కర్ కమిటీ చెప్పిన పద్ధతిలో కట్టిన లెక్క ప్రకారం మన రాష్ట్రంలో గ్రామీణ పేదరికం 2004-05లో 32.3 శాతం ఉండగా 2011-12 నాటికి 10.96 శాతానికి దిగింది. ఈ తగ్గుదలలో విదేశాల నుంచి వచ్చిన సొమ్ముకు నిజంగా వాటా ఉందా, ఉంటే అది ఏ రూపంలో ఉంది అన్నదే నా ప్రశ్న. పార్టీల పేర్లు ఎత్తకుండా మాట్లాడుకుందామని మనవి.

నల్లరేగడి:

పద్దుపుస్తకం గారూ, మీరు ప్రశ్న అడిగిన తీరులోనే ఒక చిక్కుంది. వెలుగును మాత్రం విడిగా తీసి బల్లమీద పెట్టి ఇది మంచిదా చెడ్డదా అని అడుగుతున్నారు, కానీ అదే ప్రపంచ బ్యాంకు చేయి అదే కాలంలో మన రాష్ట్రానికి ఇంకేమి ఇచ్చిందో కూడా అదే బల్లమీద పెట్టాలి కదా. 1998లో ఆర్థిక పునర్వ్యవస్థీకరణ ప్రాజెక్టు పేరుతో సుమారు 54 కోట్ల డాలర్లు వచ్చాయి. 1999లో విద్యుత్ సంస్కరణలకు 21 కోట్ల డాలర్లు వచ్చాయి. 2002లో రాష్ట్ర బడ్జెట్‌కే నేరుగా 25 కోట్ల డాలర్లు వచ్చాయి, దానికి బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ, అంటే డిఎఫ్ఐడి, తన వంతు కలిపింది. విద్యుత్ బోర్డును విడగొట్టడం, చార్జీలు పెంచడం ఈ సంస్కరణల్లో భాగంగానే జరిగాయి. ఆ పెంపును వ్యతిరేకించిన ఉద్యమం మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వ రంగ సంస్థలను మూసే, అమ్మే పనికి సలహాలిచ్చిన ఆడమ్ స్మిత్ సంస్థ నిపుణుల ఖర్చు బ్రిటన్ ‘పేదరిక నిర్మూలన’ పద్దులోంచే వెళ్లింది. మూతపడిన మిల్లు కార్మికుడి భార్య డ్వాక్రా సంఘంలో చేరి గేదె కొనుక్కుంటే దాన్ని ఏ ఖాతాలో రాయాలి?

రెండో మాట. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ అని ఒక ప్రజా న్యాయస్థానం జరిగింది. అందులో జ్యూరీగా కూర్చున్నవారిలో ఎక్కువ మంది సన్నకారు రైతులు, దళిత, ఆదివాసీ మహిళలు. రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 దార్శనిక పత్రాన్ని వాళ్ల ముందు పెట్టారు, అధికారులు, కంపెనీల వాళ్లు, శాస్త్రవేత్తలు వచ్చి వాదనలు వినిపించారు. సాగుమీద ఆధారపడినవారి సంఖ్యను తగ్గించే దారి, యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు తమకు వద్దని, తమ విత్తనం, తమ నేల తమ చేతిలో ఉండే సేద్యం కావాలని ఆ జ్యూరీ చెప్పింది. ఆ నివేదిక అచ్చయ్యాక బ్రిటన్ సహాయ శాఖ ఢిల్లీ కార్యాలయం దాని నిష్పాక్షికత మీద అభ్యంతరాలు లేవనెత్తింది. పేదల మాట వింటామని చెప్పే దాతలు ఆ మాట తమకు గిట్టనప్పుడు ఎలా విన్నారో గమనించండి.

ఇక 32.3 నుంచి 10.96కు దిగిన లెక్క సంగతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2008 నుంచి రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. అదే కాలంలో పట్టణాల్లో కట్టడాల పని పెరిగి కూలి రేట్లు పెరిగాయి. ఇవన్నీ మన పన్నుల డబ్బుతోనూ మన కూలీల చెమటతోనూ జరిగినవే. వీటిలోంచి వెలుగు వాటాను విడదీసి చూపించగలిగేవారు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి.

మాజీ సీసీ:

వాటా విడదీసి చూపించే చదువు నాకు లేదు గానీ, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో కళ్లారా చూశాను కనుక అది చెబుతాను. 2001 నుంచి ఆరేళ్లు ఒక వెనుకబడిన మండలంలో కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా, మా మాటలో సీసీగా, పనిచేశాను.

మేం ఊళ్లోకి వెళ్లిన మొదటి రోజుల్లో అప్పు అన్న మాటే ఎత్తలేదు. వీధి మధ్యలో ముగ్గుపిండితో ఊరి పటం గీయించేవాళ్లం. ఏ ఇల్లు ఎక్కడుందో ఆడవాళ్లే గీసి, అతి పేదలు, పేదలు, మధ్యతరగతి, కలిగినవారు అని రంగులు వేసేవారు. ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి తన తమ్ముడి ఇంటికి అతి పేదల రంగు వేయించాడు. పక్కనే నిలబడి ఉన్న ముసలమ్మ ఏమీ మాట్లాడకుండా కాలి బొటనవేలితో ఆ రంగు చెరిపేసి, ఊరి చివర పటంలో ఎవరూ గీయని ఒక గుడిసెను గీసింది. ఆ గుడిసెలో ఉన్నామె అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేదు, రేషన్ కార్డు కూడా లేదు. ఇలాంటి పని చేయించడానికి ఒక మనిషి రోజుల తరబడి ఆ ఊళ్లో ఉండాలి, ఆ మనిషికి జీతం కావాలి, బస్సు చార్జీ కావాలి. ఏ బ్యాంకూ, ఏ సబ్సిడీ పథకమూ అప్పటిదాకా దీనికి డబ్బు కేటాయించలేదు. నేను చూసినంతలో వెలుగు సొమ్ములో అసలు విలువైన భాగం ఇక్కడ ఖర్చయింది.

రెండోది పద్దు. సంఘంలో పదిమందీ సంతకం నేర్చుకున్నా, తీర్మానం రాయడం, అసలెంత వడ్డీ ఎంత అని వేరుచేసి రాయడం అందరికీ రాదు. పదో తరగతి చదివిన అమ్మాయిని బుక్‌కీపర్‌గా పెట్టి, ప్రతి సమావేశం చివర నిల్వ ఎంతో పైకి చదివించేవాళ్లం. లీడరు డబ్బు వాడుకున్న చోట ఆ చదవడంతోనే బయటపడేది. మూడోది, బ్యాంకు. మొదట్లో ఒక శాఖలో మేనేజరు గారు సంఘం సభ్యులను నేల మీద కూర్చోబెట్టి ‘మీ ఆయనను పిలుచుకురండి’ అన్నారు. మూడేళ్లు తిరిగేసరికి అదే శాఖలో సమాఖ్య తరఫున ‘బ్యాంకు మిత్ర’ అని ఒకమ్మాయి బల్ల వేసుకుని కూర్చుని ఫారాలు నింపేది.

బియ్యం పరపతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. కూలి లేని నెలల్లో కూలివాళ్లు కిరాణా కొట్టులో బియ్యం అరువు తెచ్చుకుని, పనులు మొదలయ్యాక ఒకటికి ఒకటిన్నర కట్టేవాళ్లు. గ్రామ సమాఖ్య టోకున బస్తాలు కొని, కాటా వేసి, ఎవరికి ఎన్ని కిలోలు కావాలో సంఘంలోనే రాసుకుని అరువుగా ఇచ్చి, తర్వాత నెలకింత చొప్పున వసూలు చేసుకునేది. మొదటిసారి లారీ వచ్చినరోజు కొట్టు యజమాని తన అరుగు మీద నిలబడి బస్తాలు లెక్కపెట్టుకున్నాడు.

నల్లరేగడి:

మీ అనుభవాన్ని నేను కాదనను, ముసలమ్మ బొటనవేలు నాకు నచ్చింది. అయితే ఆ బొటనవేలికి ధైర్యం వెలుగుతో వచ్చింది కాదని గుర్తుచేస్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివారు సారా ప్యాకెట్లను ఊళ్లోకి రానివ్వబోమని నిలబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన ఆ మాట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలి ‘రోజుకు రూపాయి’ అని పొదుపు లక్ష్మి సంఘాలు అక్కడే పుట్టాయి. తర్వాత వచ్చిన దాత ఆ చెట్టుకు నీళ్లు పోశాడేమో గానీ, చెట్టు నాటింది నేనేనని బోర్డు పెట్టుకోవడం మాత్రం తగదు.

విశ్రాంత పంతులు:

ఈ చర్చలో నాకంటే వయసులో పెద్దవారు లేరనుకుంటాను, కనుక కొంచెం వెనక్కి వెళ్తాను. నేను బడిలో చదివేటప్పుడు మధ్యాహ్నం మాకు పసుపురంగు మొక్కజొన్న రవ్వ ఉప్మా, పొడితో కలిపిన పాలు ఇచ్చేవారు. రవ్వ వచ్చిన గోతాల మీద కరచాలనం చేసుకుంటున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. ఖాళీ గోతాన్ని మా వంటామె ఇంటికి తీసుకెళ్లి ఉతికి సంచులు కుట్టేది, నా మొదటి పుస్తకాల సంచి మీద ఆ రెండు చేతులే ఉండేవి. ఆకలి తీరింది, అందులో అబద్ధం లేదు.

కానీ అదే కాలంలో ఢిల్లీలో ఏం జరిగిందో పెద్దయ్యాక చదివాను. 1956లో అమెరికా నుంచి ధాన్యం తెచ్చుకునే పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. 1965, 1966లో వరుసగా కరువులు రావడంతో ఒక్క 1966లోనే దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది, వియత్నాం మీద మన మాట తగ్గించుకోవాలన్నది ఆ ఆలస్యంలో దాగి ఉన్న సందేశం. అంటే సహాయం తిండి రూపంలో వచ్చినప్పుడు పిల్లవాడి కడుపు నిండింది, దేశం చెయ్యి మాత్రం కట్టుబడింది. ఆ అవమానమే మనల్ని సొంత ధాన్యం వైపు నెట్టిందని కొందరంటారు. నెట్టి ఉండవచ్చు, అందుకు దాతకు దండం పెట్టాలో లేదో నాకు తేలలేదు.

ఉద్యోగంలో చేరాక ఇంకో రకం సహాయం చూశాను. 1980ల మధ్యలో బ్రిటన్ నిధులతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు వచ్చింది, మేమందరం ‘అప్పెప్’ అనేవాళ్లం. గదులు కట్టారు, అవి ఇప్పుడు చాలాచోట్ల కురుస్తున్నాయి. కానీ చుట్టుపక్కల బడుల పంతుళ్లం ఒక టీచర్ సెంటర్‌లో కలిసి, ఒకరి పాఠం ఒకరు చూసి, గింజలతో, పుల్లలతో కూడికలు చెప్పడం నేర్చుకున్నాం. కృత్యాధార బోధన అన్న మాట మా నోట్లో పడింది అప్పుడే. తర్వాత డీపెప్, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, డబ్బు ఎవరిదైనా ఆ సమావేశాలు మాత్రం పేర్లు మారుతూ కొనసాగాయి. గదికంటే సమావేశం ఎక్కువ కాలం బతికిందని నా అనుభవం, సీసీ గారు చెప్పిన పద్దు సంగతి చదివినప్పుడు అదే గుర్తొచ్చింది.

లెక్కలాయన:

నల్లరేగడి గారు అడిగిన విడదీత పూర్తిగా సాధ్యం కాదు, కొంతవరకు మాత్రం సాధ్యమే. 2009లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులే వెలుగు గ్రామాలను ఇతర గ్రామాలతో పోల్చి ఒక అధ్యయనం ప్రకటించారు. ఆడవాళ్ల మాట చెల్లుబాటు, తిండిలో పోషకాలు మెరుగయ్యాయని అందులో తేలింది. సభ్యుల కుటుంబాల ఖర్చు పెరిగింది గానీ, ఆ సర్వే నాటికి ఆదాయంలో గానీ ఆస్తుల్లో గానీ అలాంటి పెరుగుదల కనబడలేదు. అంటే పని లేని నెలల్లో పస్తు తప్పించడంలో సంఘం పనికొచ్చింది, కొత్త సంపాదన పుట్టించడంలో అప్పటికింకా పెద్దగా పనికిరాలేదు. సొంత ప్రాజెక్టు మీద సొంత మనుషులు రాసిన మాట కనుక ఎక్కువ చేసి చెప్పారనుకున్నా, తక్కువ చేసి చెప్పారని మాత్రం అనుకోలేం.

పరిమాణం చూద్దాం. 11.1 కోట్ల డాలర్లంటే అప్పటి మారకం రేటులో సుమారు 500 కోట్ల రూపాయలు. ఐదేళ్లకు, ఆరు జిల్లాలకు పంచితే జిల్లాకు ఏటా పదిహేడు కోట్ల లోపే. అదే సంఘాలకు 2010 నాటికి బ్యాంకులు ఏటా ఇస్తున్న అప్పు వేల కోట్లలో ఉంది. కాబట్టి విదేశీ సొమ్మే పేదల చేతికి అప్పుగా వెళ్లి పేదరికం తగ్గించిందనడం లెక్కకు నిలవదు. ఆ చిన్న సొమ్ము పెద్ద సొమ్మును కదిలించిందా అన్నదే అడగవలసినది. సీసీ గారి ‘బ్యాంకు మిత్ర’ కథ నిజమైతే కదిలించిందనే అనాలి.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. అంతర్జాతీయ అభివృద్ధి సంఘం భారతదేశానికిచ్చే రుణానికి అప్పట్లో వడ్డీ లేదు. ఏటా 0.75 శాతం సేవా రుసుము, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు, మొత్తం గడువు 35 ఏళ్లు. కానీ ఆ డబ్బు నేరుగా హైదరాబాద్ రాదు. 2005కు ముందు కేంద్రం దాన్ని రాష్ట్రానికి 30 శాతం గ్రాంటుగా, 70 శాతం అప్పుగా ఇచ్చేది, ఆ అప్పుమీద వెలుగు మొదలైన రోజుల్లో పది శాతం దాటిన వడ్డీ వేసేది. డాలరు రేటు పెరిగితే ఆ నష్టం తామే భరిస్తున్నామన్నది కేంద్రం సమాధానం, అందులో న్యాయం లేకపోలేదు. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసుతో 2005 నుంచి వచ్చిన షరతులకే రాష్ట్రానికి ఇవ్వడం మొదలైంది. విదేశీ ‘సహాయం’ చవకా ఖరీదా అని వాదించేవారు ముందు అది ఏ కిటికీ దగ్గర చవకో అడగాలి.

రెండో లీడరు:

లెక్కలాయన గారు రాసినదాన్ని మా అమ్మాయి చదివి వినిపించింది, నా సమాధానం కూడా ఆమె చేతే రాయిస్తున్నాను. మా సంఘానికి నేను పదకొండేళ్లు రెండో లీడరుగా సంతకం పెట్టాను.

ఖర్చు పెరిగింది గానీ ఆదాయం పెరగలేదు అన్నారు. మా ఇంట్లో పెరిగిన ఖర్చేమిటో చెబుతాను. వర్షాకాలంలో రెండు పూటలా వండుకున్నాం. పెద్దపిల్ల పెద్దమనిషి అయినప్పుడు బడి మాన్పించలేదు. ఆయనకు జ్వరం వచ్చినప్పుడు నూటికి ఐదు రూపాయల వడ్డీకి పోకుండా సంఘంలో నూటికి రూపాయికి తీసుకున్నాం. మీ పుస్తకంలో ఇవి ఖర్చు కింద రాసుకుంటారు, సరే. పస్తు లేకపోవడం పేదరికం తగ్గడం కిందికి రాదా?

ఇక చెడ్డ సంగతి కూడా చెప్పాలి. సంఘాలు బాగా కడుతున్నాయని పేరు వచ్చాక, మేం పదిమందిమి కలిసి కూర్చునే ఆ అలవాటును చూసి బయటివాళ్లు వచ్చారు. ఒక ప్రైవేటు అప్పుల సంస్థ మనిషి మోటారు సైకిల్ మీద వచ్చి అదే సంఘానికి వారం వారం కట్టే అప్పు ఇచ్చాడు. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్నాడు. నాలుగు సంస్థల దగ్గర తీసుకుని ఒకదానికి ఇంకొకటి కట్టిన ఆమె మా వీధిలో ఉండేది, ఒక వారం కట్టలేక ఇంటికి తాళం వేసి వెళ్లిపోయింది. ఆ వసూలుకు మమ్మల్నే ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. అప్పటిదాకా ఒకరికొకరం పూచీగా ఉన్నవాళ్లం, ఆ రోజు ఒకరికొకరం కాపలా అయ్యాం. 2010 అక్టోబరులో ఆ సంస్థలను కట్టడి చేస్తూ సర్కారు ఆర్డినెన్సు తెచ్చాక వాళ్లు రావడం ఆగింది, కానీ మా సంఘంలో ఇద్దరు ఆ తర్వాత సమావేశానికి రాలేదు.

లెక్కలాయన:

అమ్మా, మీరు నన్ను సరిగ్గానే పట్టుకున్నారు. ఖర్చు అన్న మాట తేలిగ్గా వాడాను, వెనక్కి తీసుకుంటున్నాను.

బోరుబావి:

నాది కర్నూలు జిల్లా మెట్టప్రాంతం. ఇక్కడ ఇంతసేపూ ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ గురించే మాట్లాడుతున్నారు గనుక ఒక చిన్న దాత కథ చెబుతాను. 1995 నుంచి నెదర్లాండ్స్ సహాయంతో ఏపీవెల్ అని ఒక పథకం మన రాయలసీమ, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. నలుగురైదుగురికి ఒక బోరు, నీళ్ల వంతులు వాళ్లే రాసుకోవాలి. కొంతకాలానికి బోర్లు ఎండిపోవడం మొదలైంది, ఎందుకంటే పథకం లేని పక్క రైతు ఇంకా లోతుకు వేశాడు. అప్పుడు వాళ్లకు తట్టింది, బోర్లు వేయడం కాదు, భూమిలో నీళ్లెన్ని ఉన్నాయో రైతుకు తెలియాలని. అలా వచ్చిన రెండో పథకంలో మా ఊరి రైతులకు నీటిమట్టం కొలిచే టేపు ఇచ్చారు. బోరులోకి దించితే నీళ్లు తగలగానే కీచుమని మోగుతుంది, ఎన్ని మీటర్లో చూసి ఊరి మధ్య గోడ మీద రాయాలి. వానమాపకం మా బడి ఆవరణలోనే ఉండేది. రబీకి ముందు అందరూ కూర్చుని, కురిసిన వాన ఇంత, దిగిన నీరు ఇంత, మీరు వరి వేస్తామంటున్న ఎకరాలకు కావలసినది ఇంత అని కూడికలు తీసివేతలు చేసి గోడ మీద చూపించేవారు. వరి వేయవద్దని ఎవరూ చెప్పలేదు. గోడ చూసి మా నాన్న ఆ ఏడు శనగ వేశాడు.

2003లో కేంద్ర ప్రభుత్వం చిన్న దాతల సహాయం ఇక అక్కర్లేదని, కొన్ని పెద్ద దేశాల నుంచీ ఐరోపా సమాఖ్య నుంచీ మాత్రమే తీసుకుంటామని ప్రకటించింది. దేశం స్థాయి పెరిగిందని ఢిల్లీలో సంతోషించారు. నెదర్లాండ్స్ తప్పుకుంది. మా అదృష్టం కొద్దీ ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని అందుకుని ఇంకొన్నేళ్లు నడిపింది. లేకపోతే టేపు సగంలో ఆగిపోయేది. సహాయం తీసుకోవాలా వద్దా అన్న పెద్ద నిర్ణయాన్ని గౌరవం లెక్కన తీసుకుంటారు, అది తెగిపడేది మాత్రం ఏ కర్నూలు జిల్లా గోడ మీదనో.

నల్లరేగడి:

బోరుబావి గారి గోడ ముందు నేను కొంత తగ్గుతాను. ఈ చర్చలో ఇప్పటిదాకా మెచ్చుకున్నవన్నీ చూడండి. ముగ్గు పటం, పద్దు చదవడం, టీచర్ సెంటర్, నీటి టేపు. వీటన్నిటిలో దాత డబ్బు చిన్నది, కాలం ఎక్కువ, నిర్ణయం ఊళ్లో జరిగింది. నేను తిట్టినవన్నీ చూడండి. విద్యుత్ రుణం, బడ్జెట్ రుణం, సంస్థల అమ్మకం. వీటిలో డబ్బు పెద్దది, గడువు తొందర, నిర్ణయం ముందే జరిగిపోయి సంతకానికి మాత్రమే మన దగ్గరికి వచ్చింది. నా కోపం రెండో రకం మీద. మొదటి రకాన్ని చూపించి రెండో రకాన్ని అమ్మడం మీద ఇంకా ఎక్కువ కోపం. వెలుగు మహిళల ఫొటోలు ఏ నివేదికల అట్టల మీద అచ్చయ్యాయో గుర్తున్నవారికి నేను చెప్పేది తెలుస్తుంది.

అయినా ఒక అనుమానం వదలదు. ఇప్పుడు ప్రకృతి వ్యవసాయానికి జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు 9 కోట్ల యూరోల రుణం ఇచ్చింది. ఆ కార్యక్రమం పాత సెర్ప్ రోజుల్లో పురుగుమందులు లేని సేద్యంగా సంఘాల మీద పెరిగినదే. ఊరి మహిళలకు జీవామృతం కలపడం నేర్పడానికి యూరోల అప్పు ఎందుకు? ఆవు మనది, బెల్లం మనది, పేడ మనది.

మాజీ సీసీ:

పేడ మనదే గాని, ఇరవై ఊళ్లు తిరిగి చెప్పే మనిషి బస్సు చార్జీ ఎవరిదో మీరు చెప్పలేదు.

పద్దుపుస్తకం:

చర్చ నేను అనుకున్నదానికంటే నిండుగా సాగింది. ఒక్క ప్రశ్న మిగిలింది, సీసీ గారినే అడుగుతున్నాను. మీరు చెప్పిన బుక్‌కీపర్ అమ్మాయికి ప్రాజెక్టు ఉన్నంతకాలం ఏదో ఒక రూపంలో డబ్బు అందింది. ప్రాజెక్టు ముగిశాక ఆమెకు ఎవరిచ్చారు? విదేశీ సొమ్ము ఏమి వదిలివెళ్లిందో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కొలత తోచడం లేదు.

మాజీ సీసీ:

సూటి ప్రశ్న అడిగారు, సూటిగానే చెబుతాను. రాసినది ఏమిటంటే, గ్రామ సమాఖ్య తను తెచ్చుకునే వడ్డీకీ సంఘాలకు ఇచ్చే వడ్డీకీ మధ్య మిగిలే తేడాలోంచి ఆ అమ్మాయికి గౌరవ వేతనం ఇచ్చుకోవాలని. కాగితం మీద అది చక్కగా ఉంది. అప్పులు బాగా తిరిగిన ఊళ్లలో తేడా మిగిలింది, అక్కడ ఇచ్చారు. పావలా వడ్డీ, ఆ తర్వాత సున్నా వడ్డీ వచ్చాక సంఘాలన్నీ బ్యాంకు అప్పు వైపు వెళ్లాయి, సమాఖ్య దగ్గర తిరిగే డబ్బు తగ్గింది, తేడా కూడా తగ్గింది. పేదలకు వడ్డీ తగ్గిందని సంతోషించినవాళ్లమే, పద్దు రాసేవాళ్ల కూడు అందులోనే ఉందని ఆలస్యంగా గమనించాం. తర్వాత వాళ్లను వీఓఏలు, అంటే గ్రామ సమాఖ్య సహాయకులు, అన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లు గౌరవ వేతనం కోసం సమ్మెలు చేయవలసి వచ్చింది, కొంత సాధించుకున్నారు కూడా.

నేను పనిచేసిన ఊళ్లకు చాలా ఏళ్ల తర్వాత ఒకసారి వెళ్లాను. ఒక ఊళ్లో రిజిస్టర్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చివరి తీర్మానం తేదీకీ నేను వెళ్లిన రోజుకూ మధ్య నాలుగేళ్లు ఖాళీ. ట్రంకు తాళం ఎవరి దగ్గర ఉందో వెతకడానికే అరగంట పట్టింది. ఇంకో ఊళ్లో, ముగ్గులో గుడిసె గీసిన ఊళ్లో, పద్దు నిన్నటిదాకా రాసి ఉంది. రాస్తున్న అమ్మాయి ఆ గుడిసెలో ఉండిన ఆమె కోడలు. నెలకు ఎంత ఇస్తున్నారని అడిగితే, సర్కారు నుంచి వచ్చేది ఆలస్యమైనప్పుడు సంఘాలు తలా ఇంత వేసి ఇస్తున్నాయని చెప్పి, ఆ వసూలు రాసిన పేజీ తీసి చూపించింది. అందులో ఒక సంఘం పేరు ఎదురుగా రెండు నెలలుగా బాకీ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ సంఘం లీడరు తన అత్తగారేనని నవ్వింది.